వీపు లేని చొక్కా

“తొడుక్కోండి,” అన్నది అత్తగారు.

ఆ మాట తనతోనే అన్నదని గ్రహించడానికి మిల్లు సూపర్‌వైజరుకు కొంతసేపు పట్టింది. కటింగ్ బల్ల మీది తెల్లచొక్కాను ఆమె భుజాల దగ్గర పట్టుకుని, బజారులో బట్ట చూపించే వ్యాపారిలా అతని ముందుకు ఎత్తి నిలబడింది.

“నేనా?”

“మీరే బాబూ. మీ మిల్లువాళ్ళే కదా ఇలా కుట్టమన్నది. ఒక్కసారి తొడుక్కుని వీధి చివరిదాకా నడిచి రండి. ముందునుంచి చూసేవాళ్ళు దొరగారు వస్తున్నారంటారు. వెనకనుంచి చూసేవాళ్ళు ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.”

కోడలు నవ్వు ఆపుకోవడానికి సూదిలోని దారాన్ని అనవసరంగా పళ్ళతో కొరికింది.

చొక్కాకు కాలరు ఉంది. జేబు ఉంది. గుండీలు వరుసగా మెరుస్తున్నాయి. వెనక మాత్రం ఏమీ లేదు. మెడ దగ్గరొకటి, నడుము దగ్గరొకటి ముడి వేసుకోవడానికి నాడాలున్నాయి, అంతే. ఆ గుండీలు కూడా కంటికే గుండీలు. వాటికి కాజాలు లేవు. రెండు అంచులూ కలిపి కుట్టేసి, పైన గుండీలు అతికించినట్టు కుట్టాడు ఆ ఇంటి పెద్దకొడుకు, అంటే కోడలి భర్త. మిల్లులో ఎవరైనా పోతే ఆఖరి బట్ట ఇలా కుట్టి పంపడం కొంతకాలంగా అతనికి అలవాటు. ఆ అలవాటు సంగతి తల్లికి తెలిసింది ఈ పూటే.

ఆ దర్జీ ఇంటికి ఒక పద్ధతి ఉండేది. పోయిన మామగారు పెట్టిన పద్ధతి అది. చనిపోయినవారికి కుట్టిన చొక్కాను పంపేముందు ఇంట్లో ఎవరో ఒకరు గుండీలన్నీ విప్పి, మళ్ళీ పెట్టి చూడాలి. దానిని శవం బట్ట అని ఆయన ఎవరినీ అననిచ్చేవారు కాదు. “లేచేవాడి బట్ట” అనేవారు. “లేచినవాడు గుండీ ఊడక తంటాలు పడితే దర్జీ పరువేం కావాలమ్మాయ్?” అని కోడలితో హాస్యమాడేవారు.

ఈ రోజు చొక్కా మరెవరికో అయితే అత్తగారి చేతికి వచ్చేదే కాదు. పోయినవాడు గేటు తాత. మిల్లు గేటు దగ్గర కాపలా కాస్తూ ముసలివాడైపోయిన మనిషి. పిల్లా పీచూ లేనివాడు. ఊరంతా ఆయనకు మనవలే. అందుకే గుండీలు తానే చూస్తానని ఆమె కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నది. ఆమె వేలు మొదటి గుండీ దగ్గరే ఆగిపోయింది.

“మామ్మగారూ,” అన్నాడు సూపర్‌వైజరు, కోపాన్ని మర్యాద కింద దాచుకుంటూ, “ఎక్కడైనా ఇంతే. పెట్టెలో వెల్లకిలా పడుకున్నవాడి వీపు ఎవరు చూస్తారు చెప్పండి?”

“లేచినప్పుడు అందరూ చూస్తారు.”

సూపర్‌వైజరు పెద్దకొడుకు వైపు తిరిగాడు. ‘మీ అమ్మకు నువ్వు చెప్పవోయ్’ అన్నట్టున్నది ఆ చూపు. పెద్దకొడుకు కుక్కిన పేనులా సుద్దముక్కతో బల్ల మీద గీతలు గీస్తున్నాడు.

“నిజం చెప్పమంటే చెబుతాను,” అన్నాడు సూపర్‌వైజరు. “ఆ ముసలాయనకు ఇదైనా ఎక్కువే. పోయిన చలికాలం మిల్లు ఇచ్చిన ఉన్నికోటు ఎక్కడో అమ్ముకుని తాగేశాడు. ఏదయ్యా అంటే నోరు విప్పడు. అందుకేగా గేటు దగ్గరనుంచి తీసి గోడౌను వెనక పడేసింది. దొంగ అన్న పేరుతో పోయినవాడికి పెట్టె ఇచ్చి, బండి ఇచ్చి, చొక్కా కూడా ఇస్తుంటే…”

“తాత తాగడు.”

ఇస్త్రీ చేస్తున్న చిన్నకొడుకు తల ఎత్తకుండానే అన్నాడు. ఇంటికి తిరిగి వచ్చిన నాటినుంచీ అతనికి ఆ దుకాణంలో ఇస్త్రీపెట్టె తప్ప మరేదీ ముట్టుకునే హక్కు లేదు. కత్తెర అసలే లేదు. వీధివాళ్ళు అతనికి ‘తూలుడు’ అని పేరు పెట్టి చాలాకాలమైంది. ఇప్పుడతను తూలడం లేదు. పేరు మాత్రం ఇంకా తూలుతూనే ఉంది.

“నీకు తెలియాలి మరి,” సూపర్‌వైజరు నవ్వాడు. “ఆ విద్యలో నువ్వు ఆరితేరినవాడివి.”

“అందుకే చెబుతున్నాను సార్. తాగినవాణ్ణి తాగినవాడు ఆమడ దూరంనుంచి పోల్చుకుంటాడు. నన్ను కాలవలోంచి లేపి భుజాన వేసుకున్న రోజునే తాత ఒంటిమీద కోటు లేదు. కోటేది తాతా అన్నాను. నాకంటే చలిలో ఉన్నవాడికి కప్పానురా అన్నాడు. ఆ మాట అబద్ధమైతే ఇవాళ నేనిలా నిలబడి ఉండను.”

పెద్దకొడుకు చేతిలో సుద్దముక్క విరిగింది.

“కథలు!” సూపర్‌వైజరు గడప దాకా వెళ్ళి ఆగాడు. “బండి తీసుకుని వస్తాను. పొద్దు వాలకముందే పూడ్చాలి, పాస్టరుగారు కూడా వచ్చేశారు. ఇదే చొక్కా సిద్ధంగా ఉంటే సరే. లేదంటే దుప్పటి చుట్టి పెట్టె మూసేస్తాం. ఇంకో మాట. కొత్త యూనిఫాంలు ఎవరికివ్వాలా అని ఆఫీసులో ఆలోచిస్తున్నారు. మాట వినే దర్జీ కావాలంటున్నారు.”

అతను వెళ్ళిన తరువాత కూడా ఆ మాట గుమ్మంలోనే నిలబడి ఉన్నట్టనిపించింది కోడలికి. మిల్లు యూనిఫాంలే ఆ ఇంటి పొయ్యి వెలిగించేవి. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినది అత్తగారికే.

ఆమె వీపు లేని చొక్కాను నాలుగు మడతలు వేసి బల్ల కింద చింకిపాతల బుట్టలో పడేసింది.

“అమ్మా!”

“అరవకు. నాకు చెవుడు రాలేదింకా.”

“బట్ట ఏది? వాళ్ళిచ్చింది అంతే. ముందుకు సరిపోయేంతే ఇచ్చారు. ఇప్పుడు వీపు ఎక్కడనుంచి తేను? ఆకాశంలోంచి కత్తిరించనా?”

“ఆకాశం జోలికి పోకు. నీకు అక్కడ పరపతి తక్కువ,” అని ఆమె లోపలి గదిలోకి వెళ్ళింది.

పెట్టె మూత ఎత్తిన చప్పుడు వినిపించింది. ఆ పెట్టెలో ఏముందో కోడలికి తెలుసు. తాను పోయిన రోజున తనకు వాడమని అత్తగారు దాచుకున్న తెల్లబట్ట. ప్రతి ఎండాకాలం దాన్ని ఎండలో వేసి, ‘నా పెళ్ళిబట్ట కంటే ఇదే బాగుందే’ అని మురిసిపోయి, మళ్ళీ లోపల పెట్టేది. చావును అంత ఇంటిమనిషిలా చూసినవారిని కోడలు మరొకరిని ఎరగదు. అత్త మంచీ వేము తీపీ లేవని సామెత చెప్పినవాడు ఈ ఇంటి గడప తొక్కి ఉండడని ఆమె చాలాసార్లు అనుకున్నది. తీపి కాదు నిజమే. కానీ ఆ చేదు తాగి ఎంతమందికి జ్వరం విడిచిందో ఆమె కళ్ళారా చూసింది.

అత్తగారు ఒక చేతిలో బట్ట, ఒక చేతిలో కత్తెరతో వచ్చింది.

కత్తెరను చూడగానే చిన్నకొడుకు రెండడుగులు వెనక్కి వేశాడు. అది తండ్రి కత్తెర. వేళ్ళు దూర్చే చోట ఇనుము అరిగి నున్నబడినది. ఒకనాడు తాగుడు కోసం దాన్ని అతనే అమ్మేశాడు. ఎక్కడెక్కడో వెతికి విడిపించి తెచ్చి, ‘చెల్లెమ్మా, ఇది ఇంటికి వచ్చింది. వాడూ వస్తాడు’ అని అత్తగారి చేతిలో పెట్టినవాడు గేటు తాత. ఆనాటినుంచి ఆ కత్తెర పెట్టెలోనే ఉంది.

“ఇదుగో బట్ట,” ఆమె బల్ల మీద పరిచింది. “కొయ్యి.”

పెద్దకొడుకు చెయ్యి చాచాడు.

“నిన్ను కాదు. వాణ్ణి.”

పెద్దకొడుకు నవ్వాడు, వినడానికి బాగులేని నవ్వు.

“వాడా? వాడి చేతులు చూశావా అమ్మా? నీళ్ళగ్లాసు పట్టుకుంటే సగం నేలకు పోస్తాడు. ఉన్నది ఒక్క బట్ట. తప్పు కోస్తే మరోటి లేదు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, తాత పోయాడని అందరికీ ప్రేమ పొంగుతోంది. ఇన్నాళ్ళూ ఈ దుకాణం నడిపింది నేను. వాడు కాలవలో పడి దొర్లినన్నాళ్ళూ నేను ఈ మిషను తొక్కాను. కాళ్ళు వాచాయి. ఒక్కరోజు మానలేదు. ఒక్కసారైనా ఆ కత్తెర నా చేతికిచ్చావా?”

ఆ మాటలో న్యాయం ఉంది. భర్త పాదాలకు తానే వేన్నీళ్ళ కాపడం పెట్టిన కోడలికి అది తెలుసు. అత్తగారికీ తెలుసు కాబోలు, కత్తెరను బల్ల మీద పెట్టింది.

“ఇవ్వలేదు. అది నా తప్పే,” అన్నది. “నువ్వు అడక్కుండానే అన్నీ చేసేవాడివని నీకేమీ ఇవ్వక్కర్లేదనుకున్నాను. ఆ లెక్క మనం తరువాత తేల్చుకుందాం. కానీ ఇవాళ ఈ బట్ట కోసే హక్కు వాడిది. తాత కాలవలోంచి లేపింది వాణ్ణి.”

“వదినా,” చిన్నకొడుకు కోడలి వైపు తిరిగాడు. “అన్నయ్య చెప్పింది నిజమే. నావల్ల కాదు. అమ్మ దాచుకున్న బట్ట…”

కోడలు అతని చేతిలోని ఇస్త్రీపెట్టె తీసుకున్నది. “నేను చేస్తాలే ఇది. నువ్వు వెళ్ళు. కొలతలు ఎలా మరి? పరుగెత్తి తీసుకొస్తావా?”

“కొలత అక్కర్లేదు వదినా. దగ్గు తెరలు వచ్చినప్పుడల్లా లేపి కూర్చోబెట్టింది నేనే. ఆయన వీపు నా చేతులకు తెలుసు.”

అతను బల్ల దగ్గరికి వచ్చాడు. గీత గీశాడు. గీత వణికింది. చెరిపి మళ్ళీ గీశాడు. కత్తెర బట్టలోకి దిగిన చప్పుడుకు కోడలు కళ్ళు మూసుకున్నది. తెరిచి చూసేసరికి వీపు భాగం ఒక వైపు తెగింది. అంచు అలలు అలలుగా ఉంది.

“చూశావా?” అన్నాడు పెద్దకొడుకు.

అత్తగారు ఆ అంచును వేలితో తడిమింది. “కుట్టులో పోతుంది. వంకర అంచు ఎంతైనా మడతలోపలికి పోతుందిరా. అసలు కోయకుండా కూర్చుంటే మాత్రం అది ఏ మడతలోనూ పోదు. కానివ్వు చిన్నాడా.”

“ఇదంతా ఎవరికోసమమ్మా?” పెద్దకొడుకు గొంతు పెరిగింది. “మట్టిలో కలిసే బట్ట. పురుగులకు గుండీలు విప్పడం కూడా వచ్చా? పరలోకంలో మన దుకాణం చొక్కా వేసుకునే తిరుగుతారా అందరూ?”

“తిరగరు. ఆ మాత్రం నాకు తెలియదనుకున్నావా? ఆ మూడోనాటి తెల్లవారుజామున ప్రభువు తనకు చుట్టిన బట్టను అక్కడే విడిచి వెళ్ళాడు. తలగుడ్డను మడిచి పక్కన పెట్టాడు కూడా. చావులోంచి వచ్చేవాడికి అంత తీరిక! ఆయనకు మన కుట్టు అక్కర్లేదు. లేపే రోజున అందరికీ బట్ట ఆయనే ఇస్తాడు.”

“మరెందుకు?”

“మనకోసం. లేస్తాడని నమ్మినవాడు ఒకలా కుడతాడు, నమ్మనివాడు ఒకలా కుడతాడు. నోటితో ఎవడైనా పాడతాడు. చేతిపని అబద్ధమాడదు. బతికున్నవాడికి నిండుచొక్కా, పోయినవాడికి సగం చొక్కా అంటే, ఆ మనిషి అయిపోయాడని మనం తీర్పు చెప్పేసినట్టు. ఇదుగో వీణ్ణి గురించి వీధంతా అలాగే తీర్పు చెప్పింది. కుక్కతోక వంకర అన్నారు. గేటు తాత ఒక్కడే వీడు లేస్తాడని నమ్మాడు, వీడికి వీపున్న చొక్కా కుట్టినట్టు. లేవడం అంటే పోయిన తరువాతి ముచ్చటే అనుకుంటున్నారు మీరంతా. బతికుండగా లేవనివాడికి ఆ లేవడం ఏం అర్థమవుతుంది?” ఆమె ఊపిరి తీసుకున్నది. “మీ నాన్నే ఉంటే…”

“నాన్న సంగతి ఎత్తకు.”

“ఎందుకెత్తకూడదు? ఆయన ఆఖరి చొక్కా కుట్టింది నువ్వే. తలుపు వేసుకుని కుట్టావు. నా కొడుకు కన్నీళ్ళు ఎవరికీ కనపడకూడదని తలుపు వేసుకున్నాడు అని వీధంతా చెప్పుకున్నాను. నన్నూ లోపలికి రానివ్వలేదు. గుండీలు నేనే చూశానమ్మా అన్నావు, నీ మాట మీద నమ్మకంతో…”

“అమ్మా, ఆ చొక్కాకీ వీపు లేదు.”

కత్తెర ఆగింది.

ఇస్త్రీపెట్టె కిందినుంచి మాడు వాసన వచ్చేదాకా కోడలు కదలలేదు. పాతగుడ్డ మీద గోధుమరంగు మచ్చ పడింది. పెట్టెను పక్కకు తీసి నిలబెట్టి, భర్త ముఖంలోకి చూసింది. ఆ ముఖాన్ని ఇన్నాళ్ళూ ఇంత దగ్గరగా చూస్తూ కూడా తాను చూడలేదని ఆమెకు తెలిసింది.

“ఆ రోజే యూనిఫాంలు అప్పగించాలి,” అతను బల్లతో చెబుతున్నట్టు చెప్పాడు. “వీడు లేడు. ఎక్కడ పడి ఉన్నాడో తెలియదు. అంతా నేనే చెయ్యాలి. పోయినవాడికి వీపెందుకు అనుకున్నాను. మిల్లు పని పక్కన పెట్టి దీనికి పూట పాడుచేసుకోవాలా అనుకున్నాను. అంతే. మరే కారణమూ లేదు.”

అత్తగారు స్టూలు వెతుక్కుని కూర్చున్నది. ఏడవలేదు. ఆమె అడిగిన ప్రశ్న కూడా చాలా చిన్నది.

“మీ నాన్నను మళ్ళీ చూస్తావని నువ్వు అనుకోలేదా?”

“లేదమ్మా.”

“సమాధి దగ్గర పాడావే. అందరికంటే గట్టిగా పాడావే.”

“గట్టిగా పాడితే నమ్మకం వస్తుందేమోనని పాడాను.”

బయట ఎవరో ఎవరినో పిలుచుకుంటూ పోయారు. మిల్లు సైరను మోగి ఆగింది. ఆ ఇంట్లో దానికి ఉలిక్కిపడనిది ఆ పూట అత్తగారొక్కతే.

“ఇంకా ఉంది కదూ,” అన్నదామె. “చెప్పు. నీ ముఖంలో ఇంకా ఉంది.”

కోడలు తనకు తెలియకుండానే దగ్గరికి వెళ్ళి భర్త మోచెయ్యి పట్టుకున్నది. “చెప్పండి,” అన్నది మెల్లగా.

“నాన్నకు బట్ట వేసింది నేనూ తాతా. ఒళ్ళు పక్కకు తిప్పినప్పుడు తాత చెయ్యి నాన్న వీపుకు తగిలింది. ఒట్టి వీపుకు. నావైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. తన కోటు విప్పాడు. నాన్న కింద పరిచి, రెండు వైపులనుంచీ పైకి లాగి, వీపంతా కప్పాడు. ‘దుప్పటి సర్దు నాయనా, మీ అమ్మ వస్తోంది’ అన్నాడు. అంతే. ఆ తరువాత ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు.”

“అన్నయ్యా!” చిన్నకొడుకు చేతిలోంచి కత్తెర బల్ల మీద పడింది. “నాకంటే చలిలో ఉన్నవాడు అంటే… నాన్నా?”

“చలికాలమంతా ఆయన పల్చటి చొక్కాతో నిలబడ్డాడు. దగ్గు అప్పుడే పట్టుకుంది.” పెద్దకొడుకు విరిగిన సుద్దముక్కను బల్ల మీద పెట్టాడు. “కోటేదని మిల్లువాళ్ళు అడిగిన రోజున నేనక్కడే ఉన్నానమ్మా. కొత్త కోట్లకు కొలతలు తీస్తున్నాను. నా ఎదుటే అడిగారు. దొంగ అన్నారు. ఆయన నావైపు చూడను కూడా చూడలేదు. చూస్తే నేను పట్టుబడతానని చూడలేదు.”

“నువ్వేం చేశావు?”

“టేపు చుట్టుకున్నాను.”

న్యాయం కోసం గొంతెత్తి అరిచేవారిని కోడలు చాలామందిని చూసింది. గొంతెత్తకుండా దానిని గదిలోకి తెచ్చి కూర్చోబెట్టగలిగినది అత్తగారొక్కతే. ఆమె లేచి కొడుకు ఎదుటికి వచ్చింది. అతను కొట్టించుకోవడానికి సిద్ధపడినవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

ఆమె అతని తల నిమిరింది.

“కన్నదాన్ని. నిన్ను క్షమించడం నాకు పెద్ద పని కాదురా. ఇప్పుడే అయిపోయింది ఆ పని. మీ నాన్న వీపు గురించి కూడా నాకిక దిగుల్లేదు. దాన్ని కప్పిన చెయ్యి ఎలాంటిదో తెలిసింది. కానీ ఆ మనిషి పేరు మీద దొంగ అన్న మాట ఉంది. దాన్ని నేను క్షమించి తుడవలేను. అది నాకు జరిగిన అన్యాయం కాదు.”

ఆమె ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆ మౌనం కంటే ఆజ్ఞ నయమనిపించింది కోడలికి.

పెద్దకొడుకు కళ్ళు తుడుచుకున్నాడు. “వీపు నేను కుడతానమ్మా. కుట్టనిస్తావా?”

“కుట్టు. కానీ తలుపు తీసి కుట్టు.”

అతనికి అర్థమైంది. వెళ్ళి వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. వచ్చి కుట్టుమిషనును ఒక పక్క పట్టుకున్నాడు. పిలవకుండానే చిన్నకొడుకు రెండో పక్క పట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఏ బరువైనా ఎత్తి ఎంతకాలమైందో. మిషను గడప దగ్గరికి చేరింది, వీధికి ఎదురుగా.

“తూలకురా,” అన్నాడు పెద్దకొడుకు అలవాటుగా. అనేసి నాలుక కరుచుకున్నాడు.

“తూలేది నేను కాదన్నయ్యా. నీ వైపు కాలు పొట్టిది,” అన్నాడు తమ్ముడు. ఇద్దరూ నవ్వలేదు. కానీ మిషను కాలు కింద అట్టముక్క పెట్టడానికి ఇద్దరూ ఒకేసారి వంగి తలలు ఢీకొట్టుకున్నారు.

తరువాత పని నడిచింది. చిన్నకొడుకు చొక్కా ముందు భాగం కోశాడు, చొక్కా చేతులు కోశాడు, కాలరు కోశాడు. అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి. వణుకుతూనే పని చేశాయి. పెద్దకొడుకు వంకర అంచులను మడత లోపలికి తోసి, తండ్రి నేర్పిన రెండు వరసల కుట్టు వేశాడు. వీపు మీద వేసిన కుట్టు గీత గీసినట్టు వచ్చింది. కోడలు కాజాలు తీసింది, నిజమైన కాజాలు, బొటనవేలితో గుండీ దూర్చి చూసుకుంటూ. వీధిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఎదురింటి చాకలామె చంకలో మూటతో అలాగే నిలబడిపోయింది.

“ఎవరికమ్మా అంత మంచి చొక్కా?” అని అడిగింది.

“లేచేవాడికి,” అన్నది అత్తగారు.

చొక్కా ఆమె చేతికి వచ్చేసరికి ఎండ పసుపు పచ్చబడింది. తన కోసం దాచుకున్న బట్ట మరొకరి ఆకారంలో ఒళ్ళోకి రావడం చూసి ఆమె చిన్నగా నవ్వుకున్నది. భుజం చూసింది, చంక చూసింది, వెనక్కి తిప్పి వీపు మీద అరచెయ్యి పరిచి కొంతసేపు అలాగే ఉంచింది. అప్పుడు గుండీలు విప్పడం మొదలుపెట్టింది.

వీధి మలుపులో బండి చక్రాల చప్పుడు వినిపించింది. బండి ముందు సూపర్‌వైజరు నడుస్తున్నాడు. దుకాణం వాకిట్లో గుమిగూడిన జనాన్ని, గడపలో ఉన్న మిషనును, ముసలామె ఒళ్ళోని కొత్త చొక్కాను చూసి అతని కనుబొమలు ముడిపడ్డాయి.

“ఏమయ్యా,” అన్నాడు పెద్దకొడుకుతో, అత్తగారిని దాటేసి. “మాట వినే మనిషివని ఆఫీసులో నీ గురించి గట్టిగా చెప్పి వచ్చాను. రేపు వచ్చి యూనిఫాం బట్ట తీసుకెళ్ళమన్నారు. నువ్వేమో ఇక్కడ తిరునాళ్ళు పెట్టావు. కోటు దొంగకు ఇంత సింగారమా?”

మిషను చక్రం ఇంకా తిరుగుతున్నది. పెద్దకొడుకు దాని మీద చెయ్యి వేసి ఆపాడు. అతని మెడలో టేపు వేలాడుతున్నది. అలవాటుగా దాని కొసను వేలికి చుట్టుకోబోయాడు. రెండు చుట్లు చుట్టాడు కూడా.

అతను ఆ రెండు చుట్లూ విప్పేసి లేచి నిలబడ్డాడు.

“సార్,” అన్నాడు, వీధంతటికీ వినపడేటట్టు. “ఆ కోటు ఎక్కడుందో నేను చెబుతాను.”

అత్తగారు ఆఖరి గుండీ విప్పింది. దాన్ని మళ్ళీ పెట్టడం మరిచిపోయి, కొడుకు నోటి వైపే చూస్తూ ఉండిపోయింది.